'గేమ్ ఓపెన్ అవుతోందిగా' అంటే సరిపోదు: రెట్రో గేమ్ బ్యాకప్‌కి ఏ ఫార్మాట్ నమ్మాలి?

"ఆడతా ఉంది గదన్నా, ఇంకేం కావాలి?"

రెట్రో గేముల గురించి మా కోటలో ఎవరితో మాట్లాడినా చివరికి వినిపించే మాట ఇదే. ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసుకున్నాం, ఫైల్ కాపీ చేశాం, గేమ్ ఓపెన్ అయింది. ఇంకేముంది, బ్యాకప్ రెడీ అనుకుంటాం. నా పేచీ సరిగ్గా ఈ మాటతోనే.

ఆడే ఫైల్ వేరు, బ్యాకప్ వేరు. బ్యాకప్ అని పిలవాలంటే ఆ ఫైల్ రెండు పరీక్షలు పాస్ కావాలి. ఒకటి, అసలు డిస్క్‌లోనో చిప్‌లోనో ఉన్న ప్రతి బైట్‌నీ అది తిరిగి ఇవ్వగలగాలి. రెండు, అలా ఇస్తోందని మనం సొంతంగా చెక్ చేసుకోగలగాలి. ఈ రెండూ లేని ఫైల్ ఈ రోజు ఈ ఫోన్‌లో, ఈ ఎమ్యులేటర్‌లో ఆడుతుందేమో. రేపటి గ్యారంటీ మాత్రం దానికి లేదు. ఏ ఫార్మాట్ వాడాలన్న ప్రశ్నకి జవాబు ఈ రెండు పరీక్షల్లోనే ఉంది. ఒక్కో ఫార్మాట్‌నీ వాటితోనే తూచి చూద్దాం.

ఇది మనకెందుకు? మన గేములు కూడా ఉన్నాయి కాబట్టి

రెట్రో అనగానే మారియో, కాంట్రా, టెక్కెన్ గుర్తొస్తాయి. అవన్నీ జపాన్ సరుకు. వాటిని దాచిపెట్టే వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, మనం దాచకపోయినా అవి పోవు. మరి మన సరుకు సంగతి?

2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే గేమ్ ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. తయారు చేసింది హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్. పూర్తిగా ఇండియాలోనే తయారైన మొదటి పీఎస్2 గేమ్ అని దానికి పేరు. అదే కాలంలో హైదరాబాద్‌లోనే ఉన్న గేమ్‌శాస్త్ర అనే స్టూడియో 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' చేసింది. కబడ్డీ, గాలిపటాల పోటీ, మనం బిళ్లంగోడు అని పిలుచుకునే గిల్లీదండా, ఇట్లాంటి ఆటలు అందులో ఉన్నాయి. గ్రాఫిక్స్ చూసి నవ్వుకునే వాళ్లు నవ్వుకోండి, నేనూ వాటిని గొప్ప గేములని అనను. కానీ మన తెలుగు నేల మీద కూర్చుని ఒక కన్సోల్‌కి కోడ్ రాసిన తొలి తరం పని అది. మన సినిమాల్లో మూకీ సినిమా ఎట్లాంటిదో, మన గేముల్లో ఇది అట్లాంటిది.

పీఎస్2 తయారీని సోనీ 2013 మొదట్లోనే ఆపేసింది. ఆ డిస్కులు మళ్లీ అచ్చు కావు. అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అంత పెద్ద మార్కెట్లోనే ఇదీ పరిస్థితి. హైదరాబాద్‌లో తయారై ఇండియాలో అమ్ముడైన గేమ్ మీద మనకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన అవసరం బయటివాళ్లకి ఏముంటుంది? అటకమీద ఉన్న ఆ డిస్క్ మీ ఇంట్లో ఉండొచ్చు, మీ మేనమామ ఇంట్లో ఉండొచ్చు. దాన్ని ఏ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తామన్నది చిన్న విషయం కాదని అందుకే అంటున్నాను.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి, తేమ మాకు ఏడాదంతా చుట్టాలే. ఇనప గేటుకి ఏడాదికోసారి పెయింట్ వేయాల్సిన చోట, గేమ్ డిస్క్‌ని కవర్ లేకుండా షెల్ఫ్‌లో వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. సీడీలో డేటా ఉండే మెరుపు పొర లేబుల్ వైపే ఉంటుంది, దాని మీద పల్చటి పూత మాత్రమే రక్షణ. అందుకే కింది వైపు గీతలకంటే బొమ్మ వైపు గీతలే సీడీకి ఎక్కువ ప్రమాదం. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి కాస్త నయం.

క్యాసెట్ గేములు: 16 బైట్ల విజిటింగ్ కార్డ్

మనం క్యాసెట్ అని పిలిచిన కార్ట్రిడ్జ్‌తో మొదలుపెడదాం. చిన్నప్పుడు టీవీకి పెట్టుకుని ఆడిన 8 బిట్ గేములు దాదాపు అన్నీ నింటెండో ఫ్యామికామ్ నకళ్లే. కార్ట్రిడ్జ్ లోపల ముఖ్యంగా రెండు రకాల డేటా ఉంటుంది, ప్రోగ్రామ్ కోడ్ ఒకటి, బొమ్మలు ఇంకొకటి. 'సూపర్ మారియో బ్రోస్' తీసుకుంటే ప్రోగ్రామ్ 32 కేబీ, బొమ్మలు 8 కేబీ. మొత్తం 40,960 బైట్లు. కానీ దాని ఎన్ఈఎస్ ఫైల్ సైజు చూస్తే 40,976 ఉంటుంది. ఆ అదనపు 16 బైట్లు ఎక్కడివి?

అవి చిప్‌లో లేనివి. మరాత్ ఫైజుల్లిన్ రాసిన ఐఎన్ఈఎస్ అనే ఎమ్యులేటర్‌తో మొదలైన హెడర్ అది. ఫైల్ మొదట్లో ఒక విజిటింగ్ కార్డ్ పెట్టినట్టు అన్నమాట: ప్రోగ్రామ్ ఎంత, బొమ్మలు ఎంత, లోపలి సర్క్యూట్ ఏ రకం. ఆ సర్క్యూట్ రకాన్నే మ్యాపర్ నంబర్ అంటారు. కార్డ్ మీద నంబర్ తప్పు పడితే లోపల డేటా శుభ్రంగా ఉన్నా గేమ్ నల్ల స్క్రీన్ చూపిస్తుంది. "ఫైల్ కరప్ట్ అయింది" అని మనం డిలీట్ చేసేస్తాం. నిజానికి పోయింది ఆ 16 బైట్లలో ఒకటో రెండో.

మనకి ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే మన ఇళ్లకి వచ్చినవి ఎక్కువగా '9999 ఇన్ 1' రకం క్యాసెట్లు. మెనూలో 9999 అని ఉంటుంది, తీరా చూస్తే అవే నాలుగైదు గేములు పేర్లు మార్చుకుని తిరుగుతుంటాయి. ఆ మెనూ తిప్పడానికి వాడిన సర్క్యూట్లు నింటెండో చేసినవి కావు, నకళ్లు చేసినవాళ్లు సొంతంగా అల్లుకున్నవి. పాత ఐఎన్ఈఎస్ హెడర్‌లో మ్యాపర్‌కి 256 నంబర్లే చోటు. తర్వాత వచ్చిన ఎన్ఈఎస్ 2.0 హెడర్ దాన్ని 4096కి పెంచింది. గేమ్ ఏ టీవీ సిస్టమ్ వేగానికి తయారైందో రాసుకునే గడి కూడా అందులో ఉంది. మన టీవీలు సెకనుకు 50 ఫీల్డుల పాల్ రకం, జపాన్, అమెరికావి 60. ఒకే గేమ్ ఒకచోట నిదానంగా, ఇంకోచోట వేగంగా నడవడానికి ఇదొక కారణం. కాబట్టి పాత మల్టీ క్యాసెట్‌ని బ్యాకప్ చేస్తుంటే ఎన్ఈఎస్ 2.0 హెడర్‌తోనే దాచండి. పనికిరాని నకిలీ సరుకని పారేయకండి. మన బాల్యపు చరిత్ర ఆ నకిలీ సరుకులోనే ఉంది.

మిగతా కార్ట్రిడ్జుల్లోనూ ఇట్లాంటి తిరకాసులే. సూపర్ నింటెండో గేములు ఎస్ఎఫ్‌సీ, ఎస్ఎమ్‌సీ అని రెండు పేర్లతో కనిపిస్తాయి. పాత రోజుల్లో క్యాసెట్ కాపీ చేసే పరికరాలు ఫైల్ ముందు 512 బైట్ల సొంత ముద్ర వేసేవి, ఎస్ఎమ్‌సీ ఫైళ్లలో తరచూ కనిపించేది అదే. పట్టుకోవడం తేలిక. ఫైల్ సైజుని 1024తో భాగించండి. శేషం 512 వస్తే ఆ ముద్ర ఉన్నట్టే. దాన్ని తీసేస్తేనే అసలు చిప్‌లోని డేటా మిగులుతుంది.

నింటెండో 64కి మూడు పేర్లు: జెడ్64, వీ64, ఎన్64. మూడింటిలోనూ ఉన్నది ఒకే డేటా, బైట్ల వరస మాత్రమే వేరు. జెడ్64 ఫైల్ హెక్స్‌లో 80 37 12 40 అని మొదలైతే, వీ64లో జంటలు తారుమారై 37 80 40 12 అవుతుంది, ఎన్64లో నాలుగూ వెనక్కి తిరిగి 40 12 37 80 అవుతుంది. క్యూలో మనుషులు వాళ్లే, నిలబడ్డ తీరు వేరు. ఎమ్యులేటర్లు మూడింటినీ ఆడిస్తాయి. దాచుకోవడానికి మాత్రం అసలు వరస ఉన్న జెడ్64 వాడితే పోల్చి చూసుకోవడం సులువు.

డిస్క్ గేములు: ఐఎస్ఓ అంటే అన్నీ ఉన్నట్టు కాదు

నేను ఎక్కువగా చూసే గందరగోళం ఇక్కడే. "సీడీని ఐఎస్ఓ చేసి పెట్టాను బ్రో" అంటారు. పీఎస్1 గేముకి ఆ మాట వింటే నా గుండె జారిపోతుంది.

ఒక సీడీ సెక్టార్‌లో 2352 బైట్లు ఉంటాయి. మామూలు డేటా సెక్టార్‌లో మనకి ఫైల్‌గా కనిపించేది 2048 మాత్రమే. మిగతావి సెక్టార్ అడ్రస్, తప్పులు దిద్దుకునే కోడ్, ఉపహెడర్ వగైరా. ఐఎస్ఓ ఆ 2048నే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. పీఎస్1 గేముల్లో వీడియో, కొన్ని శబ్దాలు 2048 కంటే ఎక్కువ బైట్లు వాడుకునే సెక్టార్లలో ఉంటాయి. దాంతో ఐఎస్ఓ అక్కడే తెగిపోతుంది. పైగా చాలా గేముల్లో మ్యూజిక్ మామూలు ఆడియో సీడీలో పాటల్లాగా వేరే ట్రాకుల్లో ఉంటుంది. ఐఎస్ఓలో ఆ ట్రాకులకి చోటే లేదు. గేమ్ ఓపెన్ అవుతుంది, కారు పరిగెడుతుంది, మ్యూజిక్ మాత్రం రాదు. అసలు గేమ్ ఎరగని తమ్ముడు అది అంతే కాబోలు అనుకుంటాడు. 'ఆడతా ఉంది గదా' అన్న మాటలో ఉన్న ప్రమాదం ఇదే. ఏం పోయిందో తెలియనివాడికి పోయినట్టు కూడా తెలియదు.

అందుకే సీడీ గేములకి బిన్, క్యూ జంట. బిన్‌లో మొత్తం 2352 బైట్ల సెక్టార్లు ఉంటాయి. క్యూ అనేది చిన్న టెక్స్ట్ ఫైల్, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుంది, డేటానా ఆడియోనా అని అందులో రాసి ఉంటుంది. ఫోన్‌కి కాపీ చేసేటప్పుడు "ఒక కేబీ కూడా లేదు, ఇదేం పనికొస్తుంది" అని క్యూని డిలీట్ చేసేవాళ్లు ఎక్కువ. ఇంటి పట్టా చిన్న కాగితమే కదా అని చించేసినట్టే అది. ఇంకో జాగ్రత్త: బిన్ ఫైల్ పేరు మారిస్తే క్యూ లోపల రాసిన పేరు కూడా మార్చాలి. లేకపోతే ఎమ్యులేటర్‌కి బిన్ దొరకదు.

పీఎస్2 దగ్గర ఒకసారి డిస్క్ తిప్పి చూడండి. కింది వైపు నీలంగా ఉంటే అది సీడీ, బిన్-క్యూ చేయండి. వెండి రంగులో ఉంటే డీవీడీ. డీవీడీ సెక్టార్‌లో మనకి అందే డేటా ఎట్లాగూ 2048 బైట్లే కాబట్టి అక్కడ ఐఎస్ఓ సరైన ఫార్మాట్. పీసీలో ఉండే మామూలు డీవీడీ డ్రైవ్‌తోనే పీఎస్2 డిస్క్‌ని చదవొచ్చు, ప్రత్యేక పరికరం అక్కర్లేదు. హనుమాన్ డిస్క్ మీ దగ్గర ఉంటే ఈ ఆదివారం చేయగలిగిన పని ఇది.

చెన్నై పోయినోళ్లు తెచ్చిన కాపీ డిస్కుల సంగతి వేరు. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ దాకా పడుతుంది, ఒక పొర డీవీడీలో 4.7 జీబీ. పెద్ద గేముని చిన్న డిస్క్‌లో ఇరికించడానికి వీడియోలు కోసేసి, శబ్దం నాణ్యత తగ్గించి ఎక్కించిన కాపీలు ఆ రోజుల్లో బోలెడు. వాటిని ఎంత మంచి ఫార్మాట్‌లో దాచినా కోసేసింది తిరిగి రాదు.

కుదించడం తప్పు కాదు, పారేయడం తప్పు

"64 జీబీ ఫోన్‌లో ఇవన్నీ ఎక్కడ పెట్టేది అన్నా?" న్యాయమైన ప్రశ్న. మన దగ్గర చాలామందికి ల్యాప్‌టాప్ లేదు, ఉన్నదంతా ఫోనే. కంప్రెషన్ వద్దని నేను చెప్పడం లేదు. ఒక్క ప్రశ్న అడగమంటున్నాను: కుదించిన ఫైల్ నుంచి అసలు ఫైల్ బైట్ కూడా తేడా లేకుండా తిరిగి వస్తుందా?

వస్తుంది అని చెప్పగలిగిన వాటిలో నా మొదటి ఓటు సీహెచ్‌డీకి. ఆర్కేడ్ గేముల ఎమ్యులేటర్ మేమ్ కోసం పుట్టిన ఫార్మాట్ ఇది. బిన్, క్యూ రెండూ కలిసి ఒకే ఫైల్ అవుతాయి, ఆడియో ట్రాకులు కూడా నాణ్యత పోకుండా కుదుస్తాయి. లోపలే ఒక చెక్‌సమ్ ఉంటుంది కాబట్టి ఫైల్ చెడిందో లేదో సీహెచ్‌డీమ్యాన్ అనే టూల్‌తో పరీక్షించుకోవచ్చు. డక్‌స్టేషన్, పీసీఎస్ఎక్స్2, రెట్రోఆర్క్‌లోని పీఎస్1 కోర్లు దీన్ని నేరుగా ఆడిస్తాయి. పీపీఎస్ఎస్‌పీపీ కూడా 1.17 వెర్షన్ నుంచి ఆడిస్తోంది. ఒక జాగ్రత్త: సీడీకీ డీవీడీకీ ఆ టూల్‌లో ఆదేశాలు వేరు, కలపకండి. తిరిగి విప్పినప్పుడు అన్ని ట్రాకులూ కలిసి ఒకే బిన్‌గా రావొచ్చు కాబట్టి అసలు క్యూ ఫైల్‌ని కూడా పక్కన దాచుకోండి. దాని సైజు ఎంతని!

గేమ్‌క్యూబ్, వీ గేములకైతే డాల్ఫిన్ ఎమ్యులేటర్ 2020లో తెచ్చిన ఆర్‌వీజెడ్. ఆ డిస్కుల్లో ఖాళీ చోటంతా ఒక లెక్క ప్రకారం పుట్టించిన చెత్త డేటాతో నింపి ఉంటుంది. ఆర్‌వీజెడ్ ఆ చెత్తని దాచదు, దాన్ని మళ్లీ పుట్టించే లెక్క మొదలు మాత్రం దాస్తుంది. అందుకే సైజు తగ్గుతుంది, అవసరమైతే పూర్తి ఐఎస్ఓ తిరిగి వస్తుంది. ఇలాంటి తెలివి నాకు ఇష్టం. పీఎస్‌పీకి వాడే సీఎస్ఓ కూడా నిజాయితీ గల కంప్రెషనే, ఐఎస్ఓ తిరిగి వస్తుంది. కార్ట్రిడ్జ్ గేములకి మామూలు జిప్ చాలు.

ఇక తిరిగి రానివి. వీ గేముల డబ్ల్యూబీఎఫ్ఎస్ ఫైళ్లలో వాడని భాగాలు మామూలుగా తుడిచేసి ఉంటాయి. పీఎస్1 గేముని పీఎస్‌పీ కోసం పీబీపీగా మార్చేటప్పుడు ఆడియో ట్రాకుల్ని నాణ్యత తగ్గే పద్ధతిలోకి మార్చడం మామూలే. 'రిప్' అని పేరులో ఉన్నవి ఎట్లాగూ కోసినవే. ఇవి ఆడుకోవడానికి పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఇది చేసుకున్నాక అసలు ఐఎస్ఓని డిలీట్ చేయకండి. ఎండుచేప ఎంత బాగున్నా దాన్ని నీళ్లలో వేస్తే మళ్లీ ఈదదు.

హ్యాష్: మీ ఊరి డిస్క్‌కి కూడా విలువ ఎందుకుంది

రెండో పరీక్షకి వద్దాం. ఫైల్ సరైనదని ఎలా తెలుస్తుంది? హ్యాష్‌తో. సీఆర్‌సీ32, ఎండీ5, ఎస్‌హెచ్ఏ-1 ఇవన్నీ ఫైల్‌కి వేలిముద్రలు. ఒక్క బైట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి చూడొచ్చు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ ఉన్నా పనవుతుంది. కార్ట్రిడ్జుల ముద్రలు నో-ఇంట్రో జాబితాల్లో, డిస్కులవి రీడంప్ జాబితాల్లో దొరుకుతాయి. అక్కడ ఉండేది గేములు కాదు, వాటి వేలిముద్రలు.

ఇక్కడ చాలామంది అడిగేది: "ఆ గేముని ఎవరో ఒకరు ఈపాటికి దాచే ఉంటారు, నా డిస్క్ ఎందుకు?" రీడంప్ పద్ధతి చూస్తే జవాబు దొరుకుతుంది. ఒక మనిషి ఒక డిస్క్ నుంచి తీసిన ముద్రని వాళ్లు పూర్తిగా నిర్ధారించినట్టు లెక్కవేయరు. ఇంకో చోట, ఇంకో డిస్క్ నుంచి తీసిన ముద్ర దానితో కలిస్తేనే నమ్మకం. ఆలోచిస్తే ఇది సాక్ష్యం లాంటిది, ఒక్క సాక్షి సరిపోడు. హైదరాబాద్‌లో ఒకరు తీసిన ముద్ర, కోటలో ఉప్పుగాలి తిన్న డిస్క్ నుంచి తీసిన ముద్ర ఒకటే అయితే ఆ రెండూ ఒకదాన్ని ఒకటి నిజమని చెబుతాయి. కలవకపోతే? మీ డిస్క్ చెడి ఉండొచ్చు, లేదా అది వేరే ముద్రణ అయి ఉండొచ్చు. రెండోది అయితే మీ చేతిలో ఉన్నది ఎవరూ నమోదు చేయని వెర్షన్. జపాన్ గేములకి రెండో సాక్షి, పదో సాక్షి కూడా దొరుకుతాడు. మన గేములకి ఆ రెండో సాక్షి మీరే కావొచ్చు.

సీహెచ్‌డీ ఫైల్‌కి నేరుగా హ్యాష్ తీసి జాబితాతో పోల్చకండి, కలవదు. కంప్రెషన్ సెట్టింగ్ మారితే బయటి ఫైల్ మారుతుంది. అందుకే డిస్క్ తీసిన రోజే, కుదించక ముందే, బిన్ లేదా ఐఎస్ఓ ముద్రలు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కన పెట్టుకోండి.

మన తరం రెట్రో: జావా గేములు

ఫోన్ల సైట్ చదివే మనకి దగ్గరి సంగతి ఒకటి. మనలో చాలామందికి మొదటి గేమింగ్ మెషిన్ నోకియా ఫోనే. అందులో ఆడిన జావా గేములు జార్ ఫైళ్లు. జార్ అంటే లోపల ఒక జిప్పే, పీసీలో విప్పి చూడొచ్చు. దానితోపాటు జ్యాడ్ అనే టెక్స్ట్ ఫైల్ ఉండేది, గేమ్ పేరు, వెర్షన్, జార్ సైజు అందులో రాసి ఉంటాయి. సైజు కలవకపోతే ఫోన్ ఇన్‌స్టాల్ చేయదు. అదే గేమ్ 128×160 స్క్రీన్‌కి ఒక జార్, 176×220కి ఒకటి, 240×320కి ఇంకొకటి. పేరు ఒకటే, లోపల బొమ్మలు వేరు. పాత మెమరీ కార్డ్ దొరికితే పేరు ఒకటే కదా అని డూప్లికేట్లు తీసేయకండి, హ్యాష్ చూడండి. వేరుగా ఉంటే అవి వేరు గేములే. ఆడుకోవడానికి ఆండ్రాయిడ్‌లో జే2ఎంఈ లోడర్ ఉంది.

సేవ్ స్టేట్‌ని నమ్ముకోకండి

గేమ్ ఒకటే దాస్తే సగం పనే. మనం అందులో గడిపిన గంటలు సేవ్ ఫైల్‌లో ఉంటాయి. పాత గేమ్ బాయ్ పోకెమాన్ క్యాసెట్లలో సేవ్‌ని నిలబెట్టేది ఒక చిన్న బ్యాటరీ. అది అయిపోతే సేవ్ పోతుంది, కాబట్టి బ్యాటరీ మార్చే ముందే కార్ట్ రీడర్‌తో సేవ్ బయటికి తీయాలి.

ఎమ్యులేటర్‌లో రెండు రకాల సేవ్‌లు ఉంటాయి. గేమ్ లోపల మెనూలో చేసే సేవ్ ఎస్ఆర్ఎమ్, సావ్ లాంటి ఫైళ్లలోకి, పీఎస్1 అయితే 128 కేబీ మెమరీ కార్డ్ ఫైల్‌లోకి పోతుంది. ఇది ఒక ఎమ్యులేటర్ నుంచి ఇంకోదానికి చాలావరకు మారుతుంది. సేవ్ స్టేట్ అనేది ఆ క్షణంలో ఎమ్యులేటర్ మెమరీకి తీసిన ఫొటో. ఎమ్యులేటర్ వెర్షన్ మారితే అది తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఆండ్రాయిడ్‌లో పీఎస్2 అంటే అందరూ వాడిన ఈథర్ఎస్ఎక్స్2 పని 2023 జనవరిలో ఆగిపోయింది. స్విచ్ ఎమ్యులేటర్ యూజు 2024 మార్చిలో నింటెండో కేసుతో మూతపడింది. యాప్‌లు వస్తాయి, పోతాయి. మీ సేవ్ ఆ యాప్ కంటే ఎక్కువ కాలం బతకాలంటే గేమ్ మెనూలోనే సేవ్ చేయండి.

చట్టం గురించి రెండు ముక్కలు

కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52(1)(ఏఏ) ఉంది. చట్టబద్ధంగా మీ దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా, మీ వాడకం కోసమే బ్యాకప్ తీసుకోవడాన్ని అది ఉల్లంఘనగా చూడదు. అంటే డిస్క్ మీది అయి ఉండాలి, వాడేది మీరు అయి ఉండాలి. కాపీ నిరోధక లాక్‌ని ఉల్లంఘన ఉద్దేశంతో పగలగొట్టడం మీద 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ వేరుగా ఉంది. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన వెయ్యి గేముల ప్యాక్‌కి "బ్యాకప్" అని పేరు పెట్టుకుంటే అది బ్యాకప్ అయిపోదు. ఆ ప్యాక్‌ల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఎవరు తీశారో, ఏం కోశారో తెలియని ఫైళ్లే ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూ, చివరికి అవే అసలు గేములని అందరూ అనుకుంటారు.

ఇంతకీ ఏం చేయాలి?

క్యాసెట్లకి హెడర్ సరిచూసుకున్న ఫైల్, జిప్‌లో. సీడీలకి బిన్-క్యూ తీసి, ముద్రలు రాసుకుని, తర్వాత సీహెచ్‌డీ. డీవీడీలకి ఐఎస్ఓ తీసి, ముద్రలు రాసుకుని, తర్వాత సీహెచ్‌డీ. గేమ్‌క్యూబ్, వీలకి ఆర్‌వీజెడ్. సేవ్ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో. మొత్తం రెండు చోట్ల, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా. తుఫాను తీరంలో ఉండేవాళ్లం, ఈ చివరి మాట మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇంత తతంగం నాకెందుకు, అరగంట ఆడుకోవడానికి" అంటారా, ఆడుకోండి. మీ గేమ్, మీ ఇష్టం. కానీ మీ చేతిలో ఉన్నది వేరే చోట దొరకని డిస్క్ అయితే, ముఖ్యంగా మన హైదరాబాద్‌లో తయారైన డిస్క్ అయితే, దాన్ని ఒక్కసారి సరిగ్గా తీసి పెట్టండి. ఇప్పుడు మన దగ్గర డిస్క్ ఉంది, డ్రైవ్ ఉంది, టూల్స్ అన్నీ ఫ్రీ. వీటిలో మొదట పోయేది డిస్కే.